వచ్చిపోయే ఇంజిన్ లైట్: టర్బో మార్చే ముందు ఇవి చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. డీజిల్ కారు, తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలుగా పసుపు రంగు ఇంజిన్ లైట్ పది పదిహేను రోజులకోసారి వెలుగుతోంది, రెండు మూడు రోజులుండి దానంతట అదే పోతోంది. వెలిగినప్పుడు ఒక్కోసారి బండి లాగదు, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా అయిపోతుంది. ఇంకోసారి లైట్ తప్ప ఏ తేడా తెలియదు. మెకానిక్ రెండుసార్లు ఎర్రర్ చెరిపేశాడు, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) శుభ్రం చేశాడు, ఇప్పుడు పి0299 కోడ్ చూపించి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోయింది మార్చేద్దాం అంటున్నాడు.

ఇప్పుడే మార్చకండి. టర్బో నిజంగా పోయి ఉండొచ్చు కూడా, కాదనను. కానీ పోయిన టర్బో తాళం తిప్పితే బాగుపడదు కదా. అది అరిగిపోయి ఉంటే ప్రతిరోజూ, ప్రతి ఎత్తు మీదా బండి లాగకుండా సతాయిస్తుంది. మీకు అలా జరగడం లేదు. మీకు జరుగుతున్నదేంటంటే, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఏదో ఒక క్షణంలో ఒక రీడింగ్ చూసి భయపడి ఇంజిన్ పవర్ తగ్గించేస్తోంది, మీరు ఆపి స్టార్ట్ చేయగానే ఆ ఆంక్ష ఎత్తేస్తోంది. ఆ క్షణంలో అది ఏం చూసిందో తెలియకుండా ఏ పార్ట్ మార్చినా లాటరీ టికెట్ కొన్నట్టే.

ముందు ఒక అపోహ సంగతి. చాలామంది మెకానిక్‌లు "ఇప్పుడు లైట్ లేదుగా, వెలిగినప్పుడు తీసుకురండి" అంటారు. అక్కర్లేదు. లైట్ ఆరిపోవడం వేరు, కోడ్ పోవడం వేరు. మామూలుగా ఏదైనా పరీక్షలో తప్పు దొరికితే ఈసీయూ మొదట దాన్ని పెండింగ్ కోడ్‌గా రాసుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో మళ్లీ అదే తప్పు దొరికితే అప్పుడు కోడ్ ఖాయం చేసి లైట్ వెలిగిస్తుంది. వైరు తెగడం లాంటి కొన్ని తప్పులకు మొదటిసారే వెలిగించే బండ్లూ ఉన్నాయి. ఆ తర్వాత అదే పరీక్ష వరుసగా మూడు ప్రయాణాల్లో పాసైతే లైట్ ఆర్పేస్తుంది. కానీ కోడ్ మాత్రం లోపలే ఉంటుంది, ఇంజిన్ చల్లబడి మళ్లీ వేడెక్కడం సుమారు నలభై సార్లు జరిగాక గానీ అది చెరిగిపోదు. అంటే మామూలు వాడకంలో కొన్ని వారాల పాటు సాక్ష్యం బండిలోనే ఉంటుంది. మీ మెకానిక్ దాన్ని రెండుసార్లు తుడిచేశాడు! ఆయన మీద కోపం అక్కర్లేదు, అందరూ చేసేదే, కానీ ఇకమీదట మీరు ఒప్పుకోకండి. కోడ్ చెరిపితే దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, మనకు కావలసింది అదే.

ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే తప్పు దొరికిన క్షణంలో ఈసీయూ తీసి పెట్టుకున్న ఫోటో అనుకోండి. ఆ సమయానికి ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత, లోడ్ ఎంత శాతం, కూలెంట్ వేడి ఎంత, చాలా బండ్లలో ఇన్‌టేక్ ప్రెషర్, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలోని ఒత్తిడి) కూడా ఉంటాయి. దీనికి పెద్ద స్కానర్ అక్కర్లేదు, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. మరీ నాసిరకం అడాప్టర్ కొంటే మధ్యమధ్యలో కనెక్షన్ తెగి, బండికంటే అదే ఎక్కువ విసిగిస్తుంది, అది మాత్రం చూసుకోండి. యాప్‌లో ఖాయమైన కోడ్‌లు, పెండింగ్ కోడ్‌లు విడివిడిగా చూడాలి. లైట్ వెలగకపోయినా పెండింగ్‌లో ఏదైనా ఉందా అని వారానికోసారి చూసుకోవడం మంచి అలవాటు. దొరికిన ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆ ఫోటోని ఎలా చదవాలో చెప్తాను, ఎందుకంటే నిజంగా బేరం తేలేది ఇక్కడే. కూలెంట్ 22 డిగ్రీలు, ఆర్‌పీఎం 250, వేగం సున్నా అని ఉంటే పొద్దున్నే సెల్ఫ్ కొడుతున్నప్పుడు వచ్చిందన్నమాట, అప్పుడు బ్యాటరీ, ఎర్త్, గ్లో ప్లగ్‌ల (చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి సిలిండర్‌ని వేడి చేసేవి) వైపు చూడాలి. కూలెంట్ 90, లోడ్ 95 శాతం, ఆర్‌పీఎం 2300 అంటే గట్టిగా తొక్కినప్పుడు వచ్చింది, గాలి చాలలేదో డీజిల్ చాలలేదో తేల్చాలి. కూలెంట్ 90, లోడ్ 25, వేగం 80 నిలకడగా ఉంటే ఈజీఆర్ గానీ డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) గానీ తనను తాను పరీక్షించుకునే సమయం అయ్యుండొచ్చు. ఇక కూలెంట్ దగ్గర మైనస్ 40 అని కనిపించిందనుకోండి, మీరు మంచు ఖండంలో ఉంటే తప్ప అది నిజం కాదు. సెన్సర్ వైరు తెగితే లేదా కనెక్టర్ ఊడితే చాలా బండ్లలో చూపించే అంకె అది. ఇలాంటి అసంభవమైన అంకె ఒక్కటి దొరికితే పండగే, పార్టులు వదిలేసి వైరింగ్ పట్టుకోవచ్చు.

కోడ్ గురించి ఒక్క మాట. పి0299 అంటే "టర్బో పాడైంది" అని కాదు. "నేను అడిగినంత బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) రాలేదు" అని ఈసీయూ చేసిన ఫిర్యాదు, అంతే. అలాగే పి0087 అంటే రైల్‌లో డీజిల్ ప్రెషర్ తక్కువైంది, పి0401 అంటే ఈజీఆర్ ద్వారా రావలసినంత పొగ రావడం లేదు. దోషి ఎవరో ఏ కోడ్‌లోనూ రాసి ఉండదు.

మీ కోడ్ బూస్ట్ గురించి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మొదటి పరీక్షకు బండి కదలక్కర్లేదు. ఇంజిన్ ఆపి తాళం ఆన్ మాత్రం చేసి యాప్‌లో ఇన్‌టేక్ ప్రెషర్ చూడండి. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి అది బయటి వాతావరణ పీడనమే చూపించాలి, సముద్రమట్టం దగ్గర 100 కిలోపాస్కల్‌లకు అటూ ఇటూ, వెయ్యి మీటర్ల ఎత్తులో 90 ప్రాంతం. యాప్‌లో బారోమెట్రిక్ ప్రెషర్ కూడా ఉంటే రెండూ దాదాపు సమానంగా ఉండాలి. పది తేడా వచ్చిందంటే సెన్సరే అబద్ధం చెబుతోంది, లేదా దాని మూతి మసితో పూడుకుపోయింది. విప్పి తుడిచి పెడితే సరిపోయిన బండ్లు నేను చూశాను, పావుగంట పని.

తర్వాత గొట్టాలు. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోస్‌ల కింది వైపు చేయి పెట్టి తడమండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. లోపల కాస్త ఆయిల్ తడి మామూలే, దాన్ని చూసి టర్బో సీల్ పోయిందని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. కానీ బయట, క్లిప్పు దగ్గర దుమ్ము ఆయిల్‌తో కలిసి నల్లగా చారలు కట్టి ఉంటే అక్కడి నుంచి గాలి పోతోందన్నమాట. హోస్‌కి వచ్చే సన్న చీలిక ఐడిల్‌లో మూసుకుని ఉంటుంది, లోపల ప్రెషర్ పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది, అందుకే షెడ్‌లో నిలబెట్టి చూస్తే ఎవరికీ కనబడదు. స్మోక్ టెస్ట్ మెషీన్ ఉన్న చోట చేయించుకుంటే గాలి ఎక్కడి నుంచి పోతోందో పొగే చూపిస్తుంది.

మూడోది టర్బో లోపలి రెక్కలను కదిలించే ఏర్పాటు. మీ బండిలో అది వాక్యూమ్‌తో పనిచేసేదైతే పెన్సిల్ లావు సన్న రబ్బరు ట్యూబులు ఉంటాయి, వేడికి ఎండిపోయి చివర్లలో పగులుతాయి. చివర ఒక సెంటీమీటరు కోసేసి మళ్లీ తొడిగితే సరిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని. యాక్చువేటర్‌కి (ఆ రెక్కలను కడ్డీతో కదిలించే భాగానికి) చేతి వాక్యూమ్ పంపు పెట్టి లాగి చూడండి, కడ్డీ ఎక్కడా పట్టకుండా మెత్తగా కదలాలి, లాగిన చోట నిలబడాలి. మధ్యలో ఆగి ఠక్కున ఎగిరితే రెక్కలు మసితో పట్టేస్తున్నాయి. దీనికి ఇంకో గుర్తు కూడా ఉంది: పి0299తో పాటు పి0234, అంటే బూస్ట్ ఎక్కువైందనే కోడ్ కూడా ఒక్కోసారి వస్తుంటుంది. ఒకే బండిలో ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ అంటే టర్బో అరిగిపోలేదు, ఎక్కడో ఒక చోట ఇరుక్కుంటోంది. అప్పుడు శుభ్రం చేయించే దారి ఉంటుంది. ఇవన్నీ దాటాక, ఇన్‌టేక్ పైపు తీసి టర్బో షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని కదిపినప్పుడు దాని చివరి చక్రం అంచులు గోడకు తగులుతుంటే, అప్పుడు మార్చండి, నేనేమీ అడ్డం రాను.

డీజిల్ వైపు క్లుప్తంగా. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే అది ముందు మార్చేయండి, అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. కామన్ రైల్ బండ్లలో ఐడిల్‌లో రైల్ ప్రెషర్ సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది, గట్టిగా తొక్కితే 1600 ఆ పైకి వెళ్లే బండ్లు చాలా. యాప్‌లో అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ రెండూ కనిపిస్తే వాటి మధ్య తేడా లోడ్‌తో పాటు పెరుగుతోందా చూడండి. పెరుగుతుంటే ఫిల్టర్, పైపుల్లో ఎయిర్ పట్టడం, ఇంజెక్టర్ల రిటర్న్ లీక్, చివరగా పంపు, ఈ వరసలో అనుమానించాలి. ట్యాంకులో పావు వంతు ఉన్నప్పుడే, అదీ ఎత్తు ఎక్కేటప్పుడే లైట్ వస్తుంటే ట్యాంకులోంచి డీజిల్ తీసుకునే చోట ఎయిర్ వెళ్తుండొచ్చు, ఆ సంగతి ఏ కోడ్ చెప్పదు, మీరే గమనించాలి. ఇంజిన్ నడుస్తుండగా రైల్ పైపుల దగ్గర లీక్ కోసం వేలు పెట్టి మాత్రం చూడకండి. ఆ ప్రెషర్‌లో సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, అయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం అది.

డీపీఎఫ్ ఉన్న బండి అయితే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఇంజిన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగిందా? అయితే మసి కాల్చుకునే పని మధ్యలోనే ఆగిపోతోంది. ఆ పనికి ఎగ్జాస్ట్‌లో దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, దానికోసం అదనంగా కొట్టిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగి ఆపేసే బండ్లకు వచ్చే జబ్బు ఇది. ఆయిల్ పై గీత దాటి ఉంటే మార్చకుండా నడపొద్దు. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేసినప్పుడు డీపీఎఫ్ ముందు వెనకల ప్రెషర్ తేడా సున్నా చూపించాలి, చూపించకపోతే ఫిల్టర్ కాదు, సెన్సర్ గానీ దాని సన్న గొట్టాలు గానీ చూడాలి. ఒక స్నేహితుడి బండికి ఫిల్టర్ మొత్తం మార్చాలని ఒక చోట చెప్పారు, చూస్తే గొట్టం ఒకటి పగిలి ఉంది, వేలెడంత పొడవు కూడా లేదు అది.

ఇక నా అనుభవంలో వచ్చిపోయే లైట్లలో పెద్ద వాటా కరెంటుదే. యంత్ర భాగం అరిగితే రోజురోజుకీ ముదురుతుంది, ఇవాళ ఉండి రేపు మాయమయ్యే తత్వం వైరుది, కనెక్టర్‌ది. బ్యాటరీతో మొదలుపెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. నీరసించిన బ్యాటరీ వల్ల సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి వస్తాయి, చూసినవాడికి బండి మొత్తం పోయినట్టే అనిపిస్తుంది. తర్వాత ఎర్త్. మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ బ్లాక్‌కి పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు, అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ విప్పి రుద్ది బిగించాల్సిందే. ఇంకో సంగతి, చాలా సెన్సర్లకు ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల సప్లై ఉమ్మడిగా ఉంటుంది. ఒక సెన్సర్ లోపల షార్ట్ అయితే దాని పక్కవాళ్లందరూ తప్పుడు లెక్కలు చెబుతారు, తిట్లు తినేది మాత్రం పక్కవాళ్లు.

నా సొంత కారు కథ చెప్తే మీకు ఓపిక వస్తుంది. నాలుగు నెలలు వేధించింది. ఏసీ వేసి, రెండో గేర్‌లో ఎత్తు ఎక్కుతుంటే లైట్ వచ్చేది, బండి ఒక్కసారి కుదుపిచ్చి నీరసించేది. కోడ్ పి0192, రైల్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్ తక్కువ. ఒక వర్క్‌షాప్‌లో సెన్సర్ మార్చారు. మూడు వారాలు బాగుంది, మళ్లీ వచ్చింది. ఫిల్టర్ మార్చారు, మళ్లీ వచ్చింది. పంపు మార్చాలన్నారు. అప్పుడు నాకు తిక్కరేగి ఫోన్‌లో లాగింగ్ (రీడింగులను వరసగా నమోదు చేయడం) పెట్టుకుని అదే ఎత్తు మీద తిరగడం మొదలుపెట్టాను, పక్క సీట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని. ఐదోసారి దొరికింది. గ్రాఫ్‌లో ప్రెషర్ 900 బార్ నుంచి నిట్టనిలువునా సున్నాకి పడి, అర సెకనులో మళ్లీ పైకి లేచింది. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. నిజంగా ప్రెషర్ సున్నా అయితే ఇంజిన్ ఆగిపోవాలి కదా? పైగా ప్రెషర్ పడితే వాలుగా పడుతుంది, గోడ మీంచి దూకినట్టు పడదు. కాబట్టి పంపు నిర్దోషి. బానెట్ ఎత్తి వైర్ల కట్టను చేత్తో వెంబడించుకుంటూ పోతే ఒక ఇనుప బ్రాకెట్ అంచు దగ్గర తొడుగు అరిగిపోయి రాగి కనిపిస్తోంది. ఎత్తు మీద బరువుతో తొక్కినప్పుడు ఇంజిన్ మౌంటింగుల మీద కొంచెం ఒరుగుతుంది, అప్పుడే ఆ వైరు బ్రాకెట్‌కి తగిలేది. సెన్సర్ మార్చినప్పుడు కట్ట కొంచెం పక్కకు జరిగింది కాబట్టి మూడు వారాలు బాగుంది, అంతే.

మీరూ అదే చేయాలి. లాగింగ్‌లో అన్నీ పెట్టొద్దు, ఎక్కువ పెడితే ఒక్కోటి చాలా నెమ్మదిగా మారుతుంది, మధ్యలో జరిగింది తప్పిపోతుంది. మీ విషయానికి ఆర్‌పీఎం, లోడ్, ఇన్‌టేక్ ప్రెషర్, రైల్ ప్రెషర్, వీలైతే గాలి ప్రవాహం, ఐదు చాలు. ఫోన్ చూసే పని పక్కనున్నవాళ్లది, మీది కాదు. గట్టిగా తొక్కినప్పుడు ఇన్‌టేక్ ప్రెషర్ చాలా డీజిల్ కార్లలో 200 కిలోపాస్కల్‌లు దాటాలి. రోజూ దాటుతూ ఎప్పుడో ఒకసారి మాత్రం 120 దగ్గర ఆగిపోతుంటే వాక్యూమ్ ట్యూబు, సోలెనాయిడ్ (ఆ వాక్యూమ్‌ని నియంత్రించే కరెంటు వాల్వ్), ఇరుక్కునే రెక్కలను అనుమానించాలి. ఎప్పుడూ 160 దాటడం లేదంటే హోస్ లీకు లేదా టర్బో. ఈ ఒక్క తేడా తెలిస్తే మీ మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది.

దాంతోపాటు డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. లైట్ వచ్చినప్పుడల్లా ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏ గేరు, ఏసీ ఉందా, ట్యాంకులో ఎంత ఉంది, వాన పడిందా, ముందురోజు బండి కడిగించారా, ఇవి రాయండి. కడిగిన మర్నాడే లైట్ వస్తుంటే తడిసిన కనెక్టర్ కోసం వెతకాలి. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, గ్రాఫ్ చూస్తూ ఒక్కో కనెక్టర్‌ని, వైర్ల కట్టని మెల్లగా కదిపి చూడడం కూడా చేయండి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా. గీత ఉలిక్కిపడిన చోట ఆగండి.

ఈలోగా బండి నడపొచ్చా అంటే, పసుపు లైట్ నిలకడగా ఉండి బండి మామూలుగా ఉంటే నెమ్మదిగా నడపొచ్చు. లైట్ టపటపా కొట్టుకుంటుంటే, ఎర్ర ఆయిల్ లైట్ వస్తే, వేడి ముల్లు పైకి పోతుంటే, తెల్లగానో నీలంగానో దట్టమైన పొగ వస్తుంటే పక్కకు తీసి ఆపేయండి. కొన్ని కార్లలో గ్లో ప్లగ్ స్ప్రింగ్ గుర్తు మెరవడం కూడా ఇంజిన్ తప్పుకు సంకేతమే, బ్రేక్ లైట్ స్విచ్ పాడైనా అది మెరిసే బండ్లున్నాయి, వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లి ఇలా అడగండి: ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించండి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఇన్‌టేక్ ప్రెషర్ ఎంతో చూపించండి, యాక్చువేటర్ కడ్డీ కదిలించి చూపించండి. ఈ మూడూ అరగంట పని. చూసి కూడా టర్బోనే అంటే షాఫ్ట్ ఎంత ఊగుతోందో చూపించమనండి. ఏది బాగు చేసినా, చేశాక కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న అదే ఆర్‌పీఎం, అదే లోడ్, అదే ఎత్తు మీద నాలుగైదు సార్లు తొక్కి, పెండింగ్‌లో ఏమీ రాలేదని చూశాకే బండి తీసుకోండి. నేను ఆ వైరుకి టేపు చుట్టాక అదే ఎత్తు మీద పన్నెండు సార్లు ఎక్కాను, తమ్ముడు మళ్లీ నా బండి ఎక్కనన్నాడు.